ఆకు తిప్పి చూడండి

(మన ఆదివారం రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)

ఈ వారం నాకు ఇచ్చిన 20 నిమిషాల్లో ఒక చిన్న పురుగు గురించి మాట్లాడదామనుకుంటున్నాను. కంప్యూటర్ల వాడికి పురుగుల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, నేను చదివింది కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్., చేసేది కన్సల్టింగ్. ఆఫీసులో మేం పట్టుకునే 'బగ్గులు' వేరే జాతివి! కాకపోతే నేను పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో పత్తి పండించే ఇంట్లో. మా ఇంట్లో పురుగు పేరు వినని వానాకాలం లేదు. ఇప్పుడు ఆ పేరు జార్జియాలో కూడా వినబడుతోంది కాబట్టి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఆ పురుగు పేరు పచ్చదోమ. బెండతోటల వాళ్లు దీపపు పురుగు అని కూడా అంటారు. ఇంగ్లీషులో జాసిడ్. లేత ఆకుపచ్చ రంగులో 3 మిల్లీమీటర్లకు మించని పొడవు ఉంటుంది. రెక్కల చివర్లో ఒక్కో నల్ల చుక్క. దీన్ని గుర్తుపట్టడానికి చుక్కల కంటే తేలిక మార్గం నడక. ఆకు తిప్పగానే పీతలాగా అడ్డంగా, ఏటవాలుగా పరుగెత్తి అవతలి వైపుకు పోతుంది. మన దేశంలో పత్తి, బెండ, వంగ పంటలకు ఇది పాత శత్రువు. 2023లో ప్యూర్టోరికోలో కనబడింది. 2024లో ఫ్లోరిడా చేరింది. 2025 వేసవికల్లా జార్జియా, అలబామా, సౌత్ కరోలినా పత్తి చేలల్లోనూ, ఇళ్ల పెరళ్లలోని బెండ మొక్కల మీదా, నర్సరీల్లో అమ్మే మందార మొక్కల మీదా కనబడింది. మనలో చాలామంది పెరట్లో ఈ మూడింట్లో రెండైనా ఉంటాయి.

ఇది ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. పీల్చేటప్పుడు దాని లాలాజలం ఆకులోకి దిగుతుంది, అసలు నష్టం దానివల్లే. ముందు ఆకు అంచులు పసుపు రంగుకు తిరుగుతాయి. తర్వాత ఆకు ముడుచుకుంటుంది. పత్తిలో అయితే అంచులు ఎర్రబడి, చివరికి కాలినట్టు ఎండిపోతాయి. దూరం నుంచి చూస్తే మొక్కకు బలం చాలలేదనిపిస్తుంది. మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. 'పాపం, ఎరువు తగ్గిందేమో' అని ఇంకో గుప్పెడు ఎరువు వేస్తారు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడుతుంది, రసం తీపెక్కినట్టు పురుగుకి మరింత నచ్చుతుంది. రోగమనుకుని మనం పెట్టిన మందు పురుగుకి విందు అవుతుందన్నమాట. అందుకే ఆకు పైభాగం చూసి నిర్ణయం తీసుకోకండి. తిప్పి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పంటకు పురుగు పట్టింది అంటే తప్పంతా పురుగుదే అనుకుంటాం. మందు కొడితే తీరిపోతుంది అనుకుంటాం. కానీ పురుగు ఎప్పుడూ ఉండేదే. ఒక ఏడు కొంపలు ముంచి, ఇంకో ఏడు జాడ లేకుండా ఉండటానికి కారణం మరో ఇద్దరి చేతిలో ఉంది. ఒకటి మొక్క ఒంటి తీరు. రెండోది వాతావరణం. ఈ ఇద్దరూ తలుపు తెరిస్తేనే పురుగు ఇల్లంతా నిండుతుంది.

మొక్క సంగతి ముందు చెబుతాను. పచ్చదోమ గుడ్లను ఆకు మీద పెట్టదు, ఆకు అడుగున ఈనెల లోపల దూర్చి పెడుతుంది. అంటే ఆకు చర్మం దాకా చేరాలి. ఆకు అడుగున పొడవాటి నూగు దట్టంగా ఉంటే అది చర్మం దాకా చేరలేదు, గుడ్డు సరిగా దించలేదు, రసం తాగడానికీ ఇబ్బందే. ముళ్లకంప మధ్య నిలబడి అన్నం తినమన్నట్టు ఉంటుంది. 1920ల్లో దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ పరిశోధన కేంద్రంలో పార్నెల్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి గమనించాడు. అక్కడిది ఇదే పురుగు కాదు, దీని దగ్గరి చుట్టం. అది పత్తి పంటను తినేస్తున్న కాలంలో, చేలో కొన్ని మొక్కలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. ఆ మొక్కల ఆకులకు నూగు ఎక్కువ. వాటినుంచే యూ4 అనే రకం తయారైంది. మందు చుక్క లేకుండా, కేవలం ఆకు నూగుతో ఆఫ్రికాలో పత్తి సాగు నిలబడింది.

వింటుంటే ఎంతో తేలిక అనిపిస్తుంది కదా? అన్ని రకాలకూ నూగు పెంచేస్తే పీడ పోతుంది అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. పచ్చదోమకు గిట్టని ఆ నూగే తెల్లదోమకు ఇష్టం. శనగపచ్చ పురుగు ఉందే, పత్తి కాయలు తొలిచేది, దాని తల్లి రెక్కల పురుగుకు కూడా నున్నటి ఆకు కంటే నూగు ఆకు మీద గుడ్లు పెట్టడమే ఇష్టం. ఒక దొంగ కోసం వేసిన కంచె ఇంకో ఇద్దరు దొంగలకు నిచ్చెన అయిందన్నమాట. కాబట్టి 'మంచి ఆకు', 'చెడ్డ ఆకు' అని ఉండవు. ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఏ పురుగు ఎక్కువో దాన్ని బట్టి మంచీ చెడూ.

ఇంకో మాట. మొక్క దగ్గర ఉన్న ఆయుధం నూగు ఒక్కటే కాదు. పత్తి ఆకును వెలుతురుకు పెట్టి చూస్తే సన్నటి నల్ల చుక్కలు కనబడతాయి. అవి గాసిపాల్ అనే విషం దాచుకున్న సంచులు. గింజల నూనె, పిండి తినడానికి పనికి రావాలని ఆ సంచులు లేని పత్తిని కూడా శాస్త్రవేత్తలు తయారుచేశారు. అయితే అంతకుముందు పత్తి జోలికి రాని పురుగులు కూడా ఆ చేల మీద పడ్డాయి. మనం మన సౌకర్యం కోసం మొక్కలోంచి ఏదైనా తీసేస్తే దాని ఖరీదు ఎక్కడో కట్టాల్సి వస్తుంది.

అమెరికా పత్తి కథ కూడా ఇదే. ఇక్కడ పత్తి యంత్రాలతో తీస్తారు. నూగు ఆకైతే ఎండి పొడై దూదికి అంటుకుంటుంది, దూది గ్రేడు పడిపోతుంది. అందుకని దశాబ్దాలుగా ఇక్కడి విత్తన సంస్థలు నున్నటి ఆకు రకాలకే మొగ్గు చూపాయి. పచ్చదోమ లేనన్నాళ్లూ అది తెలివైన పనే. ఆ పురుగు వచ్చాక అదే నున్నటి ఆకు పరిచిన మంచంలా కనబడుతోంది. మన దగ్గర దూదిని చేత్తో తీస్తారు కాబట్టి నూగు ఆకు ఉన్నా ఇబ్బంది తక్కువ. ఒకే పంట, ఒకే పురుగు. కోత తీరు మారితే సరిపడే మొక్క కూడా మారిపోతుంది.

ఇక వాతావరణం సంగతి. పురుగుల ఒంట్లో మనలాగా సొంత వేడి ఉండదు. బయట వెచ్చగా ఉంటే త్వరగా పెరుగుతాయి, చల్లబడితే నెమ్మదిస్తాయి. పచ్చదోమ గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వాతావరణాన్ని బట్టి 2 వారాల నుంచి నెలన్నర దాకా పడుతుంది. ఈ తేడా చిన్నదిగా కనబడుతుంది. మా వృత్తి అలవాటు కొద్దీ ఒక లెక్క వేసి చూపిస్తాను, ఇది కేవలం ఊహకు. ఒక్కో ఆడపురుగు వల్ల బతికి బట్టకట్టే ఆడపిల్లలు 5 అనుకుందాం. 12 వారాల్లో తరానికి 6 వారాలు పడితే రెండే తరాలు, 25 ఆడపురుగులు. తరానికి 3 వారాలే పడితే నాలుగు తరాలు, 625. పురుగు అదే, మొక్క అదే. వెచ్చదనం ఒక్కటి మారితే 25 కాస్తా 625 అయింది. చేలో లెక్క ఇంత చక్కగా ఉండదు, సాలీళ్లూ అక్షింతల పురుగులూ తినేవి తింటుంటాయి. కానీ 'మొన్న ఏమీ లేదండీ, ఇవాళ చూస్తే ఆకంతా అదే' అని రైతు అనే మాట వెనుక ఉన్న గుణకారం ఇదే.

వాన సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. జోరు వాన పడితే ఆకు మీది పిల్ల పురుగులు కొట్టుకుపోతాయి. అదే సన్నటి తుంపర, మబ్బు, ఉక్కపోత రోజుల తరబడి ఉంటే పచ్చదోమకు పండగ. మన దగ్గర వానాకాలపు పత్తిలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దీని బెడద ఎక్కువ కావడానికి కారణం అదే. వానలు మొహం చాటేసి ఎండ కాస్తే అప్పుడు తామర పురుగులు, తెల్లదోమ, ఎర్రనల్లి వంతు వస్తుంది. అంటే ఆకాశం ఎలా ఉందో చూస్తే ఆకు కింద ఎవరిని వెతకాలో సగం తెలుస్తుంది. మా నాన్నగారు పొద్దున్నే లేచి ముందు ఆకాశం వంక, తర్వాత ఆకు వంక చూసేవారు. చిన్నప్పుడు అదేదో దణ్ణం పెట్టుకుంటున్నారనుకునేవాణ్ణి.

ఈ రెండు సంగతులూ పట్టించుకోకుండా మందు డబ్బానే నమ్ముకుంటే ఏమవుతుందో మన తెలుగు నేల చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త మందులు వచ్చాయి. కాయతొలిచే పురుగు చచ్చిపోయింది, రైతులు సంతోషించారు. వాటితోపాటు తెల్లదోమను తినే మంచి పురుగులు కూడా చచ్చిపోయాయి. తెల్లదోమకు మాత్రం ఆ మందు సరిగా తగల్లేదు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ చేలను కమ్మేసింది. ఎండు వాతావరణం దానికి తోడైంది. కొట్టిన కొద్దీ పురుగు, పురుగు కొద్దీ మందు, మందు కొద్దీ అప్పు. 1987-88లో ఆ ప్రాంతపు పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పదేళ్ల తర్వాత, 1997-98లో, వరంగల్ వంతు వచ్చింది. అకాల వర్షాలు, వాటి వెనకే లద్దె పురుగు, పని చెయ్యని మందులు. ఆ రోజుల వార్తలు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి.

2002లో బీటీ పత్తి వచ్చింది. బీటీ విత్తనంలోని విషం కాయతొలిచే పురుగుల కోసం. రసం పీల్చే పచ్చదోమను అది ఏమీ చేయదు. పైగా మార్కెట్టును ముంచెత్తిన హైబ్రిడ్లలో చాలావాటికి పచ్చదోమను తట్టుకునే గుణం లేదు. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించి ఇస్తున్నారు కదా అనే ధీమా. కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత పచ్చదోమ ఆ మందుకు అలవాటు పడిపోయింది. మొక్క ఒంట్లో ఉండాల్సిన రక్షణను డబ్బాలో కొనుక్కుంటే, డబ్బా పనిచేసినన్నాళ్లే ఆ రక్షణ.

ఈ మధ్య ఫోన్లో మా నాన్నగారిని అడిగాను. "నాన్నా, మీ కాలంలో పచ్చదోమకు ఏ మందు బాగా పనిచేసేది?" అని. ఆయన నవ్వి, "ఏ మందైనా మొదటి ఏడు బాగా పనిచేస్తుందిరా," అన్నారు. "మరి మీరేం చేసేవారు?" అంటే, "ఆకుకు రెండు దాటేదాకా ఆగేవాణ్ణి. పక్క చేలో కొడుతున్నాడని మనం కొట్టకూడదు. పక్కవాడి చేతిలో పంపు చూస్తే మన చెయ్యి దురద పెడుతుంది, అంతే," అన్నారు. ఆకుకు సగటున రెండు పురుగులు అనే ఆ హద్దు మన వ్యవసాయ శాస్త్రవేత్తలు పత్తికి చెప్పేదే. అంతకంటే తక్కువ ఉంటే మందు ఖర్చు నష్టం కంటే ఎక్కువ. ఆ హద్దు దాకా ఓపిక పట్టడం చెప్పినంత తేలిక కాదు. అప్పు తెచ్చి విత్తనం వేసినవాడికి ఒక్క పురుగు కనబడినా గుండె ఆగదు.

మందు ఖరీదు డబ్బు ఒక్కటే కాదు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందులు కొడుతూ 20 మంది దాకా చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడు పత్తి మామూలు కంటే ఎత్తు పెరిగింది. మనిషి తల దాకా వచ్చిన మొక్కల మధ్య నిలబడి పైకి చల్లితే మందు మొహం మీదే పడుతుంది. ఉక్క వాతావరణంలో ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎంతసేపు ఉంటారు? చూడండి, అక్కడ కూడా ఆ రెండే. మొక్క ఎత్తు, గాలిలో ఉక్క. పురుగును పెంచే ఆ రెండే మనిషి ప్రాణం మీదకూ తెచ్చాయి. మన ఊళ్లలో ఇప్పటికీ మందు కొట్టే కూలీ చేతికి తొడుగు లేకుండా కొట్టడం మామూలు. మనం ఇంటికి డబ్బు పంపేటప్పుడు, సెలవుల్లో వెళ్లినప్పుడు, రెండు జతల చేతి తొడుగులు, ఒక మంచి మాస్కు, కళ్లద్దాలు కొనిపెట్టి వాడేలా చూస్తే అంతకంటే మంచి కానుక లేదని నా మనవి.

సరే, ఇక మన పెరట్లోకి వద్దాం. నాలుగు పనులు చెబుతాను, అన్నీ తేలికైనవే.

మొదటిది, వారానికి రెండుసార్లు పొద్దున్నే పది ఆకులు తిప్పి చూడండి. బెండ, వంగ, మందారం చూడండి. గోంగూర కూడా బెండ కుటుంబమే కాబట్టి దాన్నీ వదలకండి. ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టినా సరే, అడ్డంగా పరుగెత్తేవి పడతాయి. ఎన్ని ఉన్నాయో క్యాలెండరు మీద రాసుకోండి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే భూతద్దం పుచ్చుకుని మనకంటే శ్రద్ధగా చేస్తారు.

రెండోది, పది రోజుల వాతావరణ సూచన చూడండి. జోరు వాన ఉంటే తొందరపడకండి, సగం పని అదే చేస్తుంది. వాన లేకపోతే మీరే వాన కురిపించండి. గొట్టంతో ఆకు అడుగు భాగానికి తగిలేలా నీళ్లు గట్టిగా కొడితే పిల్ల పురుగులు రాలిపోతాయి. పొద్దున పూట చేస్తే ఆకులు త్వరగా ఆరతాయి, తెగుళ్లు రావు. ఈనెల లోపలి గుడ్లకు నీళ్లు తగలవు కాబట్టి నాలుగైదు రోజులకొకసారి మళ్లీ కొట్టాలి.

మూడోది, నత్రజని ఎరువు తగ్గించండి. బాగా ముదిరిన, పురుగు పట్టిన ఆకుల్ని తుంచి సంచిలో మూటకట్టి పారేయండి. అప్పటికీ తగ్గకపోతే కూరగాయల మీద వాడవచ్చని లేబుల్ మీద ఉన్న పురుగుమందు సబ్బో, వేపనూనెో సాయంత్రం పూట ఆకు అడుగున చల్లండి. గిన్నెలు తోమే సబ్బు వద్దు, ఆకులు మాడతాయి. బెండ పువ్వు విచ్చుకుని తేనెటీగలు తిరిగే వేళ ఏదీ చల్లవద్దు. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉంటుంది, అది చదవాలి. ఊరి నుంచి పొట్లం కట్టి తెచ్చిన మందు మాత్రం బయటికి తియ్యకండి. ఇక్కడ అనుమతి లేని మందు వాడటం నేరం. అంతకుమించి, ఆ బెండకాయ వేపుడు తినేది మన పిల్లలే.

నాలుగోది, మొక్కల ఇచ్చిపుచ్చుకోవడంలో జాగ్రత్త. మనవాళ్లకు మందారం కొమ్మ, వంగ నారు పంచుకోవడం ఒక ముచ్చట. ఆ ముచ్చట మానమని నేను చెప్పను. కానీ పచ్చదోమ గుడ్డు ఈనెలో దాక్కుని ఉంటుంది, కంటికి కనబడదు. పచ్చటి ఆకు ఉన్న మొక్క ఎక్కడికి పోతే అదీ అక్కడికి పోతుంది. విత్తనం ఇచ్చుకోండి, విత్తనంలో ఆ గుడ్లు ఉండవు. కొత్త మొక్క తెచ్చుకుంటే రెండు మూడు వారాలు విడిగా పెట్టి, ఆకులు తిప్పి చూసి, ఆ తర్వాతే తోటలో కలపండి. చలికాలం ముందు మందారం కుండీని ఇంట్లోకి తెచ్చేటప్పుడూ అంతే. మీ పురుగు పచ్చదోమేనా కాదా అని అనుమానం ఉంటే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు ఫొటో పంపి అడగండి. దాదాపు ప్రతి కౌంటీకీ ఒక ఆఫీసు ఉంటుంది. మనం పంపే ఫొటో దక్షిణ జార్జియాలో వందల ఎకరాల పత్తి వేసిన రైతుకు కూడా పనికి రావచ్చు. అతని కష్టం గుంటూరు రైతు కష్టానికి దూరపు చుట్టమేమీ కాదు, ఇప్పుడు స్వయానా తోడబుట్టినదే.

చివరగా ఒక్క మాట. వేసవిలో మన ఇళ్లకు అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు. వాళ్లలో చాలామంది జీవితమంతా చేలో గడిపినవాళ్లు. ఇక్కడికి వచ్చాక వాళ్లకు తోచదు. కారు నడపలేరు, టీవీ ఎంతసేపని చూస్తారు? వాళ్లను పెరట్లోకి తీసుకెళ్లి, "నాన్నా, ఈ ఆకుకు ఏమైందో చూడండి," అని అడగండి. "మామయ్యగారూ, ఈ మబ్బు ఇలాగే ఉంటే ఏ పురుగు వస్తుందంటారు?" అని అడగండి. మన దగ్గర డిగ్రీలు ఉన్నాయి, వాళ్ల దగ్గర నలభై ఏళ్ల ఆకాశం ఉంది. ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులు వాళ్ల నోట వినబడతాయి. వింటున్న మనవలకు కూడా తాతగారు ఏం చేసేవారో తెలుస్తుంది.

మీ బెండ మొక్కలు చల్లగా ఉండాలని కోరుకుంటూ, సెలవు. నమస్కారం.